మావయ్య గారి కంచం దగ్గర నిలబడ్డ అందరికీ

మావయ్య గారు పలాస ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. నిన్న అరుగు మీద కూర్చుని, ఆనపకాయ కూరలో ఉప్పేదమ్మా అని నా మీద కేకలేశారు. ఆ కేక విన్నాక గానీ ఫోన్ తీసి ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు చెయ్యాడలేదు.

మాది కవిటి మండలం. ఉద్దానం అంటే చాలు, కిడ్నీ జబ్బుల ప్రాంతమని మీకు తెలుసు. నీళ్ళ వల్లో, ఎండలో ఒళ్ళొంచి చేసే పని వల్లో, ఒళ్ళునొప్పులకి మింగిన బిళ్ళల వల్లో, ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. మావయ్య గారికి డయాలసిస్ మొదలై ఏడాది దాటింది. సోమ, బుధ, శుక్రవారాలు సోంపేట డయాలసిస్ సెంటర్, పోయినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీద. ఆదివారం వస్తే మాకు టెన్షన్, ఎందుకంటే శుక్రవారం నుంచి సోమవారం దాకా ఒంట్లో చేరింది చేరినట్టే ఉంటుంది.

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం చుట్టాలొచ్చారు. తిత్లీకి, అదే 2018 తుపానుకి, మా కొబ్బరి తోటలో సగం చెట్లు పడిపోయాయి, మిగిలిన వాటిని బిడ్డల్లా చూసుకుంటాం. మా మరిది సరదాగా చెట్టెక్కి బొండాలు దింపాడు. ఒంటికి చలవ నాన్నా అని మావయ్యకి ఒకటి కొట్టిచ్చాడు, సాయంత్రం ఇంకోటి. నేను వంటింట్లో అరిసెల డబ్బాలు సర్దుతున్నాను, చూడలేదు. చూసినా ఆపేదాన్నో లేదో. ఉద్దానంలో పుట్టిన మనిషికి కొబ్బరి నీళ్ళు వద్దని ఏ నోటితో చెప్తాం? ఒక్క గ్లాసు కొబ్బరి నీళ్ళలో దాదాపు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుందట, కిడ్నీ పని చెయ్యని మనిషికి మళ్ళీ డయాలసిస్ దాకా అది బయటికి పోయే దారి దాదాపు లేదు, ఒంట్లో పేరుకుంటే గుండెకే ముప్పు.

రాత్రి తొమ్మిదిన్నరకి కాళ్ళు లేవడం లేదన్నారు. నాడి చూస్తే మెల్లగా కొట్టుకుంటోంది. 108కి ఫోన్ చేశాం. బండి మా సందులోకి రాదు, పక్కింటి ఆటో అన్నయ్య భోజనం కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడిగీ కడక్కుండా వచ్చి, రోడ్డు దాకా దింపాడు. అన్నయ్యా, ఆ అన్నం నువ్వు మళ్ళీ తినలేదని వదిన చెప్పింది. 108లో ఉన్న తమ్ముడు ఈసీజీ చూసిన వెంటనే పలాసకి ఫోన్ చేసి డయాలసిస్ మనిషి అని ముందే చెప్పి ఉంచాడు. మేం వెళ్ళేసరికి మంచం, మనిషి సిద్ధం. రక్తంలో పొటాషియం 6.8, ప్రమాదకరంగా ఎక్కువ. గుండె కోసం కాల్షియం ఇంజక్షన్, తర్వాత ఇన్సులిన్, గ్లూకోజ్, ఆ తర్వాత రాత్రికి రాత్రే డయాలసిస్. డ్యూటీ అయిపోయి చొక్కా మార్చుకున్న టెక్నీషియన్ తిరిగి గౌను వేసుకుని తెల్లారేదాకా ఉన్నాడు. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు, అంతకుముందైతే ఇలాంటి రాత్రి విశాఖ దారి పట్టాల్సి వచ్చేది. మావయ్య అంత దూరం తట్టుకునేవారు కాదు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. ఏడాది కిందట జబ్బు మొదట తేలింది వేరే ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. డబ్బు తీసుకున్నారు సరే, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం మీద ఇంగ్లీషులో ఒక్క లైను, రీనల్ డైట్ అని, అంటే కిడ్నీ జబ్బు మనిషి తినాల్సిన తిండి. అడిగితే పప్పులు, గుడ్లు తగ్గించండమ్మా అన్నారు. డయాలసిస్ మొదలయ్యాక మేం అదే పట్టుకు కూర్చున్నాం, మనిషి చిక్కి పుల్లలా అయ్యారు.

ఆ కాగితాన్ని తెలుగు చేసింది సోంపేట డయాలసిస్ సెంటర్‌లో నర్సు, సిస్టర్ గారు. పలాస నుంచి వచ్చాక మొదటి బుధవారం, మావయ్య మంచం పక్కనే స్టూలు వేసుకుని, ఇంట్లో ఏం వండుతున్నావో పొద్దున్నుంచీ చెప్పు అని నన్ను కూర్చోబెట్టారు. గుడ్డు మానేశామంటే తల పట్టుకున్నారు. డయాలసిస్‌కి ముందు మాంసకృత్తులు తగ్గించాలి, మొదలయ్యాక ఒంట్లోంచి పోతాయి గనక పెంచాలట, తెల్లసొన పెట్టమన్నారు. బీపీకి మంచిదని మా అబ్బాయి తెప్పించిన తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్ ఫొటో చూపించాను. ఆవిడ ఫొటో పెద్దది చేసి వెనక అక్షరాలు చదివి, ఏటమ్మా ఇది, పొటాషియం క్లోరైడ్ కొని కూరలో వేస్తున్నావా అన్నారు. నా కాళ్ళ కింద నేల కదిలింది. మీ ఇంట్లో ఆ ప్యాకెట్ ఉంటే, కిడ్నీ మనిషి ఉంటే, ఈ పోస్టు చదవడం ఆపి ముందు వెనక అట్ట చూడండి.

కూరల సంగతి ఆవిడ చెప్పిన తీరు నాకు భలే నచ్చింది. గంజి వార్చడం వచ్చా అన్నారు. వచ్చండీ అన్నాను. అయితే కూర కూడా వార్చు అన్నారు. దుంపైనా, ఇంకేదైనా, చెక్కు తీసి పల్చగా తరిగి, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి పారబోసి, మళ్ళీ చాలా నీళ్ళు పోసి ఉడికించి, ఆ నీళ్ళు మొత్తం వార్చేసి అప్పుడు పోపు వెయ్యాలి. నానబెట్టడం కంటే ఉడికించి వార్చడమే అసలు పని అన్నారు. నేను అంతవరకు ఉడికిన నీళ్ళు పారబోస్తే బలం పోతుందని చారులో కలిపేదాన్ని, పెద్ద తెలివి అనుకుని! బీర, ఆనప, క్యాబేజీ, వంకాయ ఫర్వాలేదు. కంద, చేమ, పనస, టమాటా, తోటకూర దగ్గర జాగ్రత్త. చింతపండు పులుసు మానేసి నాలుగు నిమ్మ చుక్కలు. ఊరగాయ, ఎండు చేపలు పూర్తిగా బంద్, దీనికి మాత్రం ఇంట్లో యుద్ధమే జరుగుతోంది.

నీళ్ళకి ఆవిడ చెప్పిన కిటుకు ఇంకా బాగుంది. మావయ్యకి రోజుకి డాక్టరు చెప్పిన కొలత పొద్దున్నే సీసాలో పోసి పెడతాను. ఆయన టీ తాగితే అంత నీళ్ళు సీసాలోంచి మొక్కకి పోస్తాను, మజ్జిగ తాగితే అంతే. సాయంత్రం ఆరింటికి సీసా చూసుకుని ఆయనే తగ్గుతారు, నేను నోరు విప్పక్కర్లేదు.

ఉచిత డయాలసిస్ ఉంది, నెలకి 10,000 పింఛను వస్తోంది, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళొస్తున్నాయి, కాదనను. ప్రతి డయాలసిస్ సెంటర్‌లో ఈ సిస్టర్ గారిలా ఏం వండావమ్మా అని అడిగే మనిషి ఒకరుండాలి, అది కూడా జీతమిచ్చి పెట్టాల్సిన ఉద్యోగం. ఆవిడ ఈ పని తన టీ టైములో చేశారు.

పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఆవిడ రాసిచ్చిన కాగితం ఎవరికైనా కావాలంటే కింద అడగండి, ఫొటో పెడతాను, డాక్టరుకి ఒకసారి చూపించాకే పాటించండి. మరిదిని ఎవరూ ఏమీ అనకండి, పాపం ఇప్పటికే ఏడ్చి ఏడ్చి ఉన్నాడు. 108 తమ్ముడూ, ఆ రాత్రి మావయ్యకి కప్పిన దుప్పటి మా దగ్గరే ఉండిపోయింది, ఉతికి మడతపెట్టాను, సోమవారం తెచ్చిస్తాను.