మళ్ళీ అదే చెరువు, నాన్నా

అమ్మకీ, నాన్నకీ,

నేను బాగున్నాను. ఆఫీసు పని ఎప్పటిలాగే ఉంది, రాయడానికేం లేదు. అమ్మా, బీపీ మాత్రలు మానలేదు కదా? ఫోన్‌లో అడిగితే అక్క మాట దాటేసింది.

నాన్నా, మీరు అడిగినదానికి ఆరోజు సరిగ్గా జవాబు చెప్పలేదు. "అంత పెట్టి కెమెరా కొని, ఇంటి వెనక చెరువునే తీస్తావేంట్రా, సెలవు పెట్టి కొండలకి వెళ్ళొచ్చుగా" అన్నారు. వెళ్ళాను నాన్నా. పేరున్న చోటికి మనం వెళ్ళేది ఒక్కరోజు. ఆరోజు వెలుతురు ఎలా ఉంటే దానితోనే సరిపెట్టుకోవాలి. నడినెత్తిన ఎండ ఉంటే ఎంత పెద్ద కొండైనా అట్టముక్క అతికించినట్టే కనిపిస్తుంది. ఇంటి దగ్గరైతే ఆకాశం నచ్చకపోతే వెనక్కొచ్చి పడుకుంటాను.

మధ్యాహ్నం పూట ఈ చెరువు చూస్తే మీరు పెదవి విరుస్తారు. అవతలి గట్టున కరెంటు స్తంభాలు, పక్కనే కార్లు. కానీ రాత్రంతా ఆకాశం తేటగా ఉండి, గాలి పెద్దగా లేకపోతే నేల చల్లబడిపోతుంది. తేమ ఉందంటే తెల్లారేసరికి పల్లమంతా పొగమంచు. స్తంభాలూ పోతాయి, కార్లూ పోతాయి, ఒంటి చెట్టు ఒక్కటే మిగులుతుంది. అలాంటప్పుడు కెమెరా లెక్కకి వదిలేస్తే తెల్లటి మంచుని బూడిదరంగు చేసేస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచి, అంటే వెలుతురు రెట్టింపు పడేలా చేసి తీస్తాను.

ఇంకోటి. ఉత్తరాయణం, దక్షిణాయనం మీరే నాకు చెప్పారు. నేను నిలబడే రాయి దగ్గర్నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా ఆ చెట్టు వెనక లేచేది ఏడాదిలో రెండుసార్లే, అటు వెళ్తూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి. ఆరోజు మబ్బు పడితే మళ్ళీ నెలల తరబడి ఆగాలి. ఒక్కరోజు చూసి వెళ్ళేవాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది చెప్పండి?

మబ్బు రోజుల్లో అసలు ఆకాశం జోలికి పోను. పొడుగు లెన్స్ పెట్టి రెల్లునీ, నీళ్ళలో దాని నీడనీ తీస్తాను. వాన వెలిశాక తడి ఆకుల మీద తెల్లటి మెరుపుంటుంది చూడండి, లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ అనే ఫిల్టర్ తిప్పితే అది చాలావరకు పోయి అసలు పచ్చదనం బయటపడుతుంది.

నాదేదో పిచ్చి అనుకోకండి. ప్రాగ్‌లో జోసెఫ్ సుదెక్ అని ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోయింది. 1940 నుంచి 1954 దాకా తన స్టూడియో కిటికీని మళ్ళీ మళ్ళీ తీస్తూ వచ్చారు. అద్దం మీద పట్టిన ఆవిరి, బయట వంకర తిరిగిన చెట్టు, అంతే. కొండలెక్కి తీసిన చాలా ఫొటోలకన్నా నాకు అవే నచ్చుతాయి.

అమ్మా, చీకట్లో ఒక్కడినే వెళ్తున్నానని టెన్షన్ పడకు. దారి పొడుగునా లైట్లున్నాయి, తలకి టార్చి కట్టుకుంటాను, వెలుగొచ్చేదాకా నీళ్ళ అంచుకి పోను. మాట్లాడే మనిషి లేకే చెరువు చుట్టూ తిరుగుతున్నాడని అక్క అందట. పూర్తిగా అబద్ధమేం కాదు. ఆదివారాలు గదిలో ఉండబుద్ధి కాదు. కానీ వెళ్ళొచ్చిన రోజు అన్నం తినబుద్ధవుతుంది, రాత్రి నిద్ర పడుతుంది. అది చాలదా?

బావ అడిగిన కాగితాలు పంపేశాను, చూసుకోమనండి.

నాన్నా, కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు సరేనంటే మేడ మీదికి వెళ్ళి ఫోన్‌తో పడమటి వైపు ఫొటోలు తీసి పంపండి. పొద్దు గుంకగానే దిగిపోకండి, రంగులు చాలాసార్లు ఆ తర్వాతే వస్తాయి. రోజూ ఒకే మూల నుంచి తీయండి. ఆపరేషన్ తేదీ ఖాయమైతే మాత్రం అక్కతో కాదు, మీరే నాకు చెప్పండి. టికెట్ చూసుకోవాలి.

మీ చిన్నోడు