15 మిల్లీలీటర్ల రక్తంలోంచి 1000 కోట్ల ప్లేట్‌లెట్లు ఎలా వస్తాయి? మీ మోకాలి ప్యాకేజీపై ఫిర్యాదు

హైదరాబాద్

ఫిర్యాదుల విభాగం మేనేజరు గారికి,

విషయం: మోకాళ్ల నొప్పుల ప్యాకేజీలో ఇస్తున్న పీఆర్పీ (రోగి రక్తంలోంచే వేరుచేసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ప్లాస్మా), ఇతర ఇంజెక్షన్లకు మోతాదు రికార్డులు లేకపోవడం, బ్రోచరులోని అవాస్తవ హామీలు

నమస్కారం.

మేము నగరంలో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టులం, ల్యాబ్ టెక్నీషియన్లం. మీ బ్రాంచీల్లో మోకాలి ప్యాకేజీ తీసుకున్నవాళ్లు ఆ తర్వాత వ్యాయామాలకో, రక్తపరీక్షలకో మా దగ్గరికి వస్తున్నారు. వాళ్ల అనుమతితో వాళ్ల ఫైళ్లు చూశాం. బిల్లు ఉంది, రంగుల బ్రోచరు ఉంది, సంతకం పెట్టించుకున్న సమ్మతి పత్రం ఉంది. మోకాల్లోకి ఏం ఎక్కించారో, ఎంత ఎక్కించారో చెప్పే కాగితం మాత్రం ఏ ఫైల్లోనూ లేదు. మా ఫిర్యాదంతా దీని గురించే. పీఆర్పీ మోసమని మేము అనడం లేదు. సరైన దశలో ఉన్న మోకాలికి, సరైన మోతాదులో ఇస్తే కొందరికి నొప్పి తగ్గుతోంది. అందుకే దాన్ని ఇలా చేయడం చూసి ఊరుకోలేకపోతున్నాం.

మీ బ్రోచరులో "ఒక్కో డోసులో 1000 కోట్ల ప్లేట్‌లెట్లు" అని ఉంది. ఆ అంకె గాల్లోంచి వచ్చింది కాదు. 2021లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనంలో 8 మిల్లీలీటర్ల పీఆర్పీలో 1000 కోట్ల ప్లేట్‌లెట్లు ఎక్కించినప్పుడు, ఏడాది తర్వాత ఫలితం, కీలును జారుడుగా ఉంచడానికి ఇచ్చే హైలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ కంటే మెరుగ్గా కనిపించింది. మంచి అధ్యయనమే. మీరు చేస్తున్నది మాత్రం అది కాదు. మీ ప్రొసీజరు షీటులో "తీసిన రక్తం: 15 మి.లీ." అని ఉంది. చేత్తో రాసింది కాదు, అచ్చులోనే ఉంది. అంటే ప్లేట్‌లెట్లు 1.5 లక్షలున్న మనిషికీ 15, 4 లక్షలున్న మనిషికీ అదే 15.

లెక్క చూడండి. మైక్రోలీటరుకు 2.5 లక్షల ప్లేట్‌లెట్లున్న వ్యక్తి నుంచి 15 మిల్లీలీటర్లు, అంటే 15,000 మైక్రోలీటర్లు తీస్తే, ఆ రక్తం మొత్తంలో ఉండేవే 375 కోట్లు. ఒక్కటి కూడా వృథా కాకపోయినా అంతకు మించి రావు. తిప్పేటప్పుడు, పొరలు వేరు చేసేటప్పుడు కొన్ని పోక తప్పదు. 60 శాతం చేతికొచ్చాయనుకుంటే 225 కోట్లు. ఆ కాస్తనే రెండు మోకాళ్లకూ పంచుతున్నారు కాబట్టి ఒక్కో మోకాలికి 112 కోట్లు. బ్రోచరులో రాసినదాంట్లో తొమ్మిదో వంతు. నిజంగా 1000 కోట్లు ఇవ్వాలంటే అదే వ్యక్తి నుంచి ఒక్క మోకాలికే 65, 70 మిల్లీలీటర్ల రక్తం తీయాలి. తయారైన పీఆర్పీలోంచి అర మిల్లీలీటరు సెల్ కౌంటరులో పెడితే నిమిషాల్లో అసలు సంఖ్య తెలుస్తుంది. యంత్రం పరిధి దాటితే పలచన చేసి, ఆ మేరకు గుణించుకోవాలి. ఏ ల్యాబులోనైనా రోజూ జరిగే పనే. మీ ఫైళ్లలో ఒక్కదాంట్లోనూ ఈ కౌంటు లేదు. చాలావాటిలో రోగి మామూలు ప్లేట్‌లెట్ కౌంటు కూడా లేదు.

సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని వేగంగా తిప్పి పొరలుగా వేరుచేసే యంత్రం) సంగతి. అన్ని బ్రాంచీల షీట్లలోనూ "1500 ఆర్పీఎం, 10 నిమిషాలు" అనే ఉంది. ఆర్పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో చెబితే సరిపోదు, ట్యూబులను తిప్పే రోటరు వ్యాసార్థం కూడా చెప్పాలి. వ్యాసార్థం 10 సెంటీమీటర్లున్న యంత్రంలో 1500 ఆర్పీఎం అంటే దాదాపు 250 జీ, అంటే భూమి ఆకర్షణకు 250 రెట్ల బలం. 16 సెంటీమీటర్లున్న దాంట్లో అదే 400 జీ. మొదటి తిప్పుడులో బలం ఎక్కువైతే ప్లేట్‌లెట్లు ఎర్రకణాలతో పాటు కిందికి దిగిపోతాయి, పైన మిగిలేది పలచటి ప్లాస్మాయే. బలం చాలకపోతే ఎర్రకణాలు పైనే ఉండిపోతాయి. కొందరు రోగులు ఫోనులో తీసుకున్న ఫొటోల్లో సిరంజిలోని ద్రవం గులాబీ రంగులో ఉంది. మోకాలికి వాడే పీఆర్పీ గడ్డి రంగులో, లేత పసుపుగా ఉండాలి. ఎర్రకణాలు కలిసిన ద్రవం కీలులోకి వెళ్తే వాపు, మంట పెరుగుతాయి. రోగులు "ఇంజెక్షన్ తర్వాత వారం రోజులు కాలు కింద పెట్టలేకపోయాం" అనడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

అవే ఫొటోల్లో మమ్మల్ని అన్నిటికంటే భయపెట్టినవి ట్యూబులు. నీలం మూత ట్యూబులు అవి. గడ్డకట్టే సమయం పరీక్షించడానికి ల్యాబుల్లో వాడేవి. పరీక్షకు మాత్రమే పనికొస్తాయి, అందులోని రక్తాన్ని తిరిగి మనిషి ఒంట్లోకి ఎక్కించడానికి కాదు. పైగా ఒకే స్టాండులో చాలా ట్యూబులున్నాయి, వాటి మీద పేరు లేదు, నంబరు లేదు. ఒకరి ట్యూబు ఇంకొకరికి మారితే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి వంటివి అంటుకునే ప్రమాదం ఉంది. రక్తం తీసిన క్షణమే, రోగి ఎదుటే పేరు, వయసు, సమయం, ఏ కాలో ట్యూబు మీద రాయడానికి ఖర్చేమీ లేదు. దీన్ని రేపటి నుంచే సరిచేయండి. మిగతావన్నీ ఆగినా ఇది ఆగకూడదు.

ఇక మందుల చీటీ. ఇంజెక్షన్ ఇచ్చిన రోజే వాపును అణిచే ఎసెక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రోజుకు రెండు చొప్పున ఐదు రోజులకు రాస్తున్నారు. ప్లేట్‌లెట్లు పనిచేసి, కొద్దిపాటి వాపుతో మరమ్మతు మొదలవ్వాలని పీఆర్పీ ఇస్తారు. ఆ పనినే అడ్డుకునే మాత్రను అదే చేత్తో ఇస్తున్నారు. ఇలాంటి నొప్పి మాత్రలను వారం ముందే ఆపించి, తర్వాత కనీసం రెండు వారాలు ఇవ్వకుండా ఉండటం ఈ చికిత్సలో మామూలు పద్ధతి. నొప్పికి ఉత్త పారాసిటమాల్, పది పదిహేను నిమిషాల ఐసు కాపడం చాలు. ఇక గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్లు వాటిని సొంతంగా ఆపకూడదు, గుండె డాక్టరును అడగాలి. మీ దరఖాస్తు ఫారంలో రక్తం పలచబడే మందుల ప్రశ్నే లేదు. షుగరు గడిలో "ఉంది / లేదు" తప్ప హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రాయడానికి చోటు లేదు.

రెండో సిట్టింగుకు బిల్లులో "రీజెనరేటివ్ ఇంజెక్షన్–2" అని వేసి పీఆర్పీ ధరే తీసుకున్నారు. డిశ్చార్జి కాగితం వెనక చూస్తే అది 25 శాతం డెక్స్‌ట్రోజు, అంటే గ్లూకోజు ద్రావణం. ప్రోలోథెరపీ అనే ఇంజెక్షన్ పద్ధతిలో కీలులోకి 25 శాతం, లిగమెంట్లు ఎముకకు అతుక్కునే చోట అంతకన్నా తక్కువ గాఢతలో డెక్స్‌ట్రోజు వాడతారు, దాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ మందుల షాపులో కొద్ది రూపాయలకు దొరికే ద్రావణానికి పీఆర్పీ ధర వేయడం, రోగికి దాని పేరే చెప్పకపోవడం తప్పు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల వ్యవధితో ఇచ్చేదాన్ని, పీఆర్పీ ఇచ్చిన వారానికే ఇస్తున్నారు. అప్పుడు ఏది పనిచేసిందో, దేనివల్ల వాచిందో ఎవరికీ తేలదు.

"అల్ట్రాసౌండ్ గైడెడ్" అని రుసుము వేసిన బిల్లులున్నాయి, ఒక్క చిత్రం కూడా జతచేయలేదు. ఆ యంత్రాన్ని మోకాలికి మాత్రమే వాడినా పీసీపీఎన్డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ) చట్టం కింద నమోదు తప్పనిసరి. ఏ బ్రాంచిలో యంత్రం ఉందో, దాని నమోదు సంఖ్య ఏమిటో తెలపండి. చూడకుండా చేత్తోనే ఇంజెక్షన్ ఇచ్చినచోట ఆ రుసుము వాపసు చేయండి.

"గుజ్జు మళ్లీ పెరుగుతుంది" అని మీ కౌన్సెలర్లు చెబుతున్నారు. 2021లోనే ప్రచురితమైన ఆస్ట్రేలియా రిస్టోర్ ట్రయల్‌లో 288 మందికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్పీ లేదా సెలైన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఏడాది తర్వాత చూస్తే నొప్పిలోగానీ, ఎంఆర్ఐలో మృదులాస్థి (మీరు గుజ్జు అంటున్నది) పరిమాణంలోగానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అందులో వాడిన పీఆర్పీలో ప్లేట్‌లెట్ల గాఢత తక్కువన్న విమర్శ ఉంది. మేము కౌంటు రాయమని పట్టుబట్టేది అందుకే. ఎక్స్‌రేలో అరుగుదలను కొలిచే కెల్‌గ్రెన్–లారెన్స్ కొలమానంలో ఆఖరిదైన నాలుగో గ్రేడు వచ్చి, ఎముకకు ఎముక ఒరుసుకుంటున్న మోకాళ్లకు కూడా మీరు ఇదే ప్యాకేజీ అమ్మారు. వాళ్లను మోకీలు మార్పిడి నిపుణుడి దగ్గరికి పంపాల్సింది.

సంపూర్ణ సంరక్షణ అన్న మాట బ్రోచరులో చాలాచోట్ల ఉంది. ఇంజెక్షన్ మర్నాడే జాను బస్తీ పెట్టడం ఆ సంరక్షణలో భాగమట. మినపపిండితో మోకాలి చుట్టూ గట్టు కట్టి గోరువెచ్చటి నూనె నిలపడం హాయిగానే ఉంటుంది, కానీ సూది గుచ్చిన చోటు ఇంకా మానకముందే నూనె, వేడి తగలకూడదు. అసలు చేయించాల్సిన వ్యాయామాలకు మాత్రం "వాకింగ్ చేయండి" అన్న ఒక్క మాటే ఉంది. తొడ ముందు కండరాన్ని ఐదు సెకన్లు బిగించి వదలడం, కాలు చాచి పైకెత్తడం, ఆ తర్వాత కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, ఇలా పన్నెండు వారాలపాటు మెల్లగా పెంచుకుంటూ పోవాలి. బాసింపట్టు, కింద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ ఎన్నాళ్లు మానాలో చెప్పాలి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మీ ఫైళ్లలో బరువు రాసే గడి ఖాళీగా ఉంది.

బ్రోచరు చివరి పేజీలో "స్టెమ్ సెల్ బూస్టర్" అని ఉంది. అది అనుమతి పొందిన ఉత్పత్తి అయితే పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ రోగికి రాసివ్వాలి. పరిశోధన అయితే నైతిక కమిటీ అనుమతి, సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య చూపాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. రెండూ కాకపోతే వెంటనే ఆపేయండి.

ఇంకో విషయం. బ్రోచరులోని ఫోను నంబరు అమ్మకాల విభాగానికి పోతోంది. రెండు మూడు రోజుల తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా, జ్వరం వచ్చినా, మోకాలు వేడెక్కి కాలు మోపలేకపోయినా అది కీలులో చీము కావచ్చు. అప్పుడు నీరు తీసి పరీక్షకు పంపాలి. ఫోనులో యాంటీబయోటిక్ పేరు చెప్పి ఊరుకోకూడదు. రాత్రివేళ కూడా డాక్టరు ఎత్తే నంబరు ప్రతి రోగికీ ఇవ్వండి.

మేము కోరేది ఇది. జతచేసిన జాబితాలోని ప్రతి రోగికీ తీసిన రక్తం పరిమాణం, ప్లేట్‌లెట్ కౌంటు, ఎక్కించిన మి.లీ., తెల్లకణాలు ఉంచారా తీసేశారా, కలిపిన మత్తుమందు పేరు, కిట్ బ్యాచి నంబరు, ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరు రిజిస్ట్రేషన్ సంఖ్య రాసివ్వండి. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. కౌంటు చేయని డోసుకు 1000 కోట్ల ధర తీసుకున్నచోట డబ్బు వాపసు ఇవ్వండి. "గుజ్జు పెరుగుతుంది" అన్న వాక్యాన్ని బ్రోచరులోంచి, మెట్రో పిల్లర్ల మీది బోర్డుల్లోంచి తీసేయండి. రికార్డులు 72 గంటల్లో, మిగతావాటికి లిఖితపూర్వక జవాబు 15 రోజుల్లో రాకపోతే ఈ కాగితాలన్నీ తెలంగాణ వైద్య మండలికి ఇస్తాం. రోగులు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తారు, వాళ్ల తరఫున లెక్కలు వివరించడానికి మేము వెంట ఉంటాం.

జతచేసినవి: రోగుల జాబితా, వాళ్ల సమ్మతి పత్రాలు, బిల్లుల నకళ్లు, ప్రొసీజరు షీట్లు, ఫొటోలు.

ఇట్లు,
ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు
హైదరాబాద్