చిన్నా, నీ మాటల్లోనే అడుగు

నరసాపురం

చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా ప్రభువు కృపవల్ల క్షేమం. కాలువలకు నీళ్లు వదిలారు, ఊడ్పులు మొదలయ్యాయి. నాన్న మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. "ప్రార్థన చేసుకుందామని కూర్చుంటున్నానమ్మా, మాటలు రావడం లేదు. పాస్టరుగారిలా నాకు రాదు, నువ్వే చెయ్యి నా కోసం" అన్నావు. నీ కోసం రోజూ చేస్తూనే ఉన్నాను, దానికి బెంగ పడకు. కానీ దేవుడితో నువ్వు మాట్లాడటం మానేస్తే ఆ లోటు నేను తీర్చలేను. ఇదంతా ఫోన్లో చెప్పబోతే నాకు గొంతు పట్టేస్తుంది. అందుకే కాగితం తీశాను.

పాస్టరుగారు "అనుగ్రహించుము, దయచేయుము" అంటారంటే, రాత్రింబవళ్లు బైబిలు చదివే మనిషికి ఆ భాషే నోటికొస్తుంది. పైగా ఆయన సంఘం అందరి తరఫునా చేస్తారు, ఆ పద్ధతి ఆయనకు ఉండాలి. నువ్వు ఒక్కడివే కూర్చున్నప్పుడు దాంతో పనేముంది? 1836లో ఇండియాకు వచ్చి, మన నరసాపురం, పాలకొల్లులో సువార్త చెప్పిన బౌడెన్, బీర్ దొరలు తెలుగు ఓనమాల దగ్గర్నుంచీ నేర్చుకున్నారు. వాళ్ల మొదటి తెలుగు ప్రార్థనలు ఎంత తడబడి ఉంటాయో ఆలోచించు. దేవుడు తప్పులు దిద్దుతూ కూర్చుని ఉంటాడా?

నీకు తెలిసిన నానమ్మ ఎప్పుడూ నవ్వుతూ ఉండే నానమ్మ. నేను ఆవిడను ఇంకోలా కూడా చూశాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను పడినప్పుడు మేం ఆవిడ ఇంట్లోనే ఉన్నాం. అప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు. గాలి హోరుకి పక్కనున్న మనిషి మాట కూడా వినపడటం లేదు. పైన పెంకులు లేచిపోతుంటే ఆవిడ మంచం కోడు పట్టుకుని మోకాళ్లూనింది. చదువు రాని మనిషి, బైబిలు మా చేత చదివించుకుని వినేది. "అయ్యా, గేదె కొట్టంలో ఉండిపోయింది, పలుపు విప్పలేదు. పెద్దోడు అమలాపురం వెళ్లాడు, ఎక్కడున్నాడో చూడు. ఈ పిల్ల కడుపుతో ఉంది, వణికిపోతోంది, దీని చెయ్యి వదలకు. నాకూ భయంగా ఉందయ్యా." ఇవే మాటలు మళ్లీ మళ్లీ. నడిరాత్రి దాటాక ఆవిడకు కోపం కూడా వచ్చింది. "ఇంక చాలు, ఆపు!" అని అరిచింది. దేవుణ్ణి అలా అనొచ్చా అని నేను బిత్తరపోయాను. తర్వాత కీర్తనలు చదువుతుంటే తెలిసింది, దావీదు కూడా ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావు అని దేవుణ్ణి నిలదీసినవాడే.

మీ పెదనాన్న మర్నాడు క్షేమంగా వచ్చాడు. గేదె బతకలేదు. కొబ్బరి చెట్లు వరసకు వరస పడిపోయి ఉన్నాయి. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. వేటకెళ్లినవాళ్లు ఎంతమందో తిరిగి రాలేదు. వాళ్ల ఇళ్లల్లోనూ ఆ రాత్రి దేవుడికి మొరపెట్టుకునే ఉంటారు. మన మొర విన్నాడు, వాళ్లది వినలేదు అని నా నోట ఎప్పుడూ రాదు. అలా సాక్ష్యం చెప్పేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసయ్య ఈ గిన్నె, అంటే తన మీదికి రాబోయే శ్రమ, తీసెయ్యమని తండ్రిని అడిగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు వెళ్లి ప్రార్థించాడు. గిన్నె తొలగలేదు. అయినా తనకు ఏం కావాలో దాచుకోకుండా అడిగి, నీ చిత్తమే కానివ్వు అన్నాడు. మనం అడగాల్సింది మింగేసి, నీ చిత్తం నీ చిత్తం అని పైపైన అనేస్తాం. అది నాకు విధేయతలా కనిపించదు, చిన్నా. ఆయన కాదంటాడేమో అన్న భయం అది.

రూములో ఇంకో ఇద్దరు ఉంటారు, సిగ్గేస్తుంది అన్నావు కదా. హన్నాను తలుచుకో. పిల్లలు లేరని మందిరంలో ఏడుస్తూ ప్రార్థిస్తుంటే పెదాలు కదిలాయే గాని గొంతు వినపడలేదు. యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. అంత పెద్దాయనకు అర్థం కానిది దేవుడికి అర్థమైంది. నీకు మెట్రోలో వీలైతే మెట్రోలోనే చేసుకో.

నేను లేసు అల్లుతూ చేసుకుంటాను. ఒక పువ్వు మొదలుపెట్టేటప్పుడు ఒకరి పేరు తలుచుకుంటాను, ఆ పువ్వు పూర్తయ్యేదాకా వాళ్ల సంగతే మాట్లాడతాను. కొన్ని రోజులు మాత్రం కూలి కోసేసే ఏజెంటు మీద మంట తప్ప ఇంకేమీ రాదు. అదే చెప్పుకుంటాను. "ప్రభువా, నా కళ్లు లాగేస్తున్నాయి, ఈయన దారం లెక్క చెప్పి డబ్బులు తగ్గించాడు, నాకు ఒళ్లు మండిపోతోంది" అంటాను. చెప్పగానే మంట చల్లారుతుందని కాదు. లోపల అది పెట్టుకుని పైకి స్తోత్రం అంటే నా గొంతు నాకే పరాయిగా వినిపిస్తుంది.

ఈ రాత్రి ఫోన్ పక్కన పెట్టి కూర్చో. ఎలా మొదలుపెట్టాలా అని టెన్షన్ పడకు. ఆ రోజు ఆఫీసులో ఏం జరిగిందో అది చెప్పు. ఇల్లు గుర్తొస్తే ఇల్లు గుర్తొస్తోందని చెప్పు. నమ్మకం కుదరకపోతే అదీ చెప్పు, ఆయనకు తెలియనిదేం కాదు. మాటలు అయిపోతే ఊరికే కూర్చో. నిద్రొస్తే పడుకో, రేపు మళ్లీ మాట్లాడొచ్చు.

అన్నట్టు, ఆఫీసులో నీ మీద కేకలేసే ఆ సారు పేరు ఏమిటో ఈసారి చెప్పు. ఆయన కోసం కూడా ప్రార్థన చేయాలనుకుంటున్నాను. ఊళ్లోవాళ్లెవరో శనివారం హైదరాబాద్ వస్తున్నారు, వాళ్లతో పూతరేకులు, కొబ్బరినూనె పంపిస్తున్నాను. అందగానే ఫోన్ చెయ్యి.

అమ్మ