ఆ కుక్కర్ ఎవరికీ ఇవ్వకు తల్లీ

పాలకొల్లు

చిట్టితల్లీ,

నిన్న నువ్వు ఫోనులో మామూలుగా అన్న మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. కుక్కర్‌లో లోపం ఉంది, తిరిగి పంపండి అని సందేశం వచ్చిందన్నావు. బాగానే ఉడుకుతోంది కదా, పారేయడమెందుకు, ఇంట్లో పనిచేసే ఆమెకు ఇచ్చేస్తానన్నావు. నీది మంచి మనసే. కానీ ఆ పని చేయకమ్మా.

బాగా ఉడికినంత మాత్రాన కుక్కర్ మంచిదని కాదు. మూత బిగించాక లోపలి నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పప్పు నురగ పొంగి వెయిట్ కింది రంధ్రం పూడుకుపోతే, ఆవిరిని బయటికి వదలాల్సింది సేఫ్టీ వాల్వు. వేడి అంతకు మించి పెరిగితే అందులోని లోహం కరగాలి. నాసిరకంది కరగదు. అప్పుడు మూతే ఎగిరిపోతుంది. అంతకుముందు రోజు వరకూ అన్నం చక్కగానే ఉడుకుతుంది.

నీకు ఐదేళ్లప్పుడు మన పాత్రల కొట్టుకు ఒక కంపెనీ మనిషి వచ్చి, ఆ విడత కుక్కర్ల వాల్వులు సరిగా లేవు, అమ్మవద్దన్నాడు. అప్పటికే 11 అమ్మేశాను. ఏడుగురు ఖాతా ఉన్నవాళ్లు. పుస్తకం సంచిలో వేసుకుని పోడూరు, ఆచంట సైకిల్ మీద తిరిగాను. ఒకటి సఖినేటిపల్లిలో ఉంటే నరసాపురం రేవులో పంటు ఎక్కి వెళ్లి తెచ్చాను. మిగతా నలుగురూ రొక్కం ఇచ్చి పట్టుకెళ్లినవాళ్లు. పేరూ ఊరూ తెలియదు. కొట్టు ముందు బోర్డు రాసిపెట్టాను, సంతలో చాటించాను. ఇద్దరు తెచ్చి ఇచ్చారు.

ఆరు నెలల తర్వాత ఒకామె వచ్చింది. మెడ నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ. ఆ కుక్కర్ ఆమె కొన్నది కాదు. వదిన కొత్తది కొనుక్కుని పాతది ఈమెకు ఇచ్చిందట. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాలుగోది ఎక్కడుందో నాకు ఈనాటికీ తెలియదు.

అప్పుడు నాకు లేనిది కొన్నవాళ్ల చిరునామా. ఇప్పుడు అమ్మినవాళ్ల దగ్గర అది ఉంటుంది. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని కుక్కర్ అమ్మకూడదు. ఒక ఆన్‌లైన్ సంస్థ ద్వారా అమ్ముడైన 2,265 నాసి కుక్కర్ల విషయంలో, కొన్నవాళ్లందరికీ తెలియజేసి, వాటిని వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఆదేశించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన అధికారం అది. పేపర్లో చదివినప్పుడు నా పాత ఖాతా పుస్తకమే కళ్ల ముందు మెదిలింది. నువ్వు దాన్ని మరొకరి చేతిలో పెట్టావంటే ఆ చిరునామా తెగిపోతుంది. సందేశాలు నీకే వస్తుంటాయి, కుక్కర్ మాత్రం ఆమె పొయ్యి మీద ఉంటుంది.

ఈ పూట నుంచే దాన్ని పొయ్యెక్కించకు. తిరిగి పంపేయి. డబ్బు ఇవ్వడానికి వాళ్లు తాత్సారం చేస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయి. ఆమెకు కుక్కర్ అవసరమైతే ఎన్ని లీటర్లది కావాలో అడిగి నాకు రాయి. ఐఎస్ఐ ముద్ర చూసి నేనే కొని పంపిస్తాను.

మీ నాన్న