మ్యాప్‌లో మా గేటు: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నగరం చివర ఒక కాలనీలో మేం 19 ఏళ్ళుగా ఉంటున్నాం. ఇల్లు కట్టుకున్న రోజుల్లో ఇక్కడ వీధి దీపాలు కూడా లేవు. తర్వాత రోడ్డు పడింది, బస్సు వచ్చింది, ఆ వెనకే పెద్ద పెద్ద బంగళాలు లేచాయి. మా వీధి మలుపు తిరిగాక మూడో ఇల్లు పేరున్న ఒక సినిమా నటుడిది. ఆయన పేరుగానీ మా కాలనీ పేరుగానీ ఇక్కడ రాయడం లేదు. మీ కార్యాలయానికి విడిగా పంపిన కాపీలో అన్ని వివరాలూ ఉన్నాయి. నలుగురూ చదివే చోట ఎందుకు రాయలేదో ఈ లేఖ చదివితే మీకే తెలుస్తుంది.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఆయన పేరు కొడితే ఎర్ర గుర్తు ఆయన ఇంటి మీద పడదు. మా గేటు మీద పడుతుంది. ఎవరు పెట్టారో తెలియదు. తప్పని మా అబ్బాయి రిపోర్టు కొట్టినప్పుడల్లా కొన్నాళ్ళు పోతుంది, మళ్ళీ ఎవరో పెడతారు. అందుకని ఆదివారం వచ్చిందంటే మా గేటు ముందు ఫొటోలు. గోడ మీద పేర్లు, గుండె బొమ్మలు. కాంపౌండు గోడ ఎక్కి చూసేవాళ్ళ చెప్పుల మట్టి మా కిటికీ మెట్టు మీద ఉంటుంది.

మా అమ్మకి 81 ఏళ్ళు. బెల్లు మోగితే తనే లేచి వెళ్ళి తలుపు తీయడం ఆవిడ అలవాటు. "సార్ ఉన్నారా అమ్మా?" అని అడుగుతారు వచ్చినవాళ్ళు. మా నాన్న కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, పోయి ఆరేళ్ళయింది. ఈ కుర్రాళ్ళు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళేమో, సంగతి తెలియక వచ్చారేమో అనుకునేది అమ్మ. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "సార్ లేరు నాయనా" అని చెప్పేది. విషయం తెలిశాక కూడా తలుపు తీయడం మానలేదు, అంత దూరం నుంచి వచ్చారు కదా అని. పోయినేడాది ఒక రాత్రి పదకొండు దాటాక ఇద్దరు వచ్చారు. ఇది ఆయన ఇల్లు కాదంటే ఒకతను నమ్మలేదు. మీరే లోపల దాస్తున్నారని తలుపుకి కాలు అడ్డం పెట్టాడు. మేం పై నుంచి దిగి వచ్చేదాకా రెండు నిమిషాలు పట్టిందో మూడు నిమిషాలు పట్టిందో. అతను ఏమీ చేయలేదు, వెళ్ళిపోయాడు. కానీ ఆ రోజు నుంచి అమ్మ తలుపు దగ్గరికి వెళ్ళడం లేదు. బెల్లు మోగితే ఉలిక్కిపడుతుంది.

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ మధ్యే మా వార్డు ఆఫీసులో ఒక నోటీసు అంటించారు. మా వీధిని "తారల వీధి"గా అభివృద్ధి చేస్తారట. మలుపులో స్వాగత తోరణం కడతారట, ఎవరి ఇల్లు ఏదో చెప్పే బోర్డులు పెడతారట, టూరిస్టు బస్సులు ఆగడానికి పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలాన్ని తీసుకుంటారట. అభ్యంతరాలుంటే 30 రోజుల్లో చెప్పమన్నారు. మా అభ్యంతరమే ఈ లేఖ.

మొదట బోర్డుల సంగతి. బతికున్న మనిషి ఇంటి ముందు "ఇది ఫలానావారి ఇల్లు" అని ప్రభుత్వమే బోర్డు పెట్టడం దయచేసి వద్దు. 1989 జులై 18న లాస్ ఏంజెలిస్‌లో రెబెక్కా షేఫర్ అనే 21 ఏళ్ళ నటి తన ఇంటి గుమ్మంలోనే హత్యకు గురైంది. చంపినవాడు ఎన్నాళ్ళుగానో ఆమెను వెంటాడుతున్న అభిమాని. వాహనాల రిజిస్ట్రేషన్ శాఖ దగ్గరున్న ఆమె అడ్రసును ప్రైవేటు డిటెక్టివ్ ద్వారా సంపాదించాడు. బెల్లు కొట్టాడు, ఆమె మాట్లాడి పంపించింది. కాసేపటికి మళ్ళీ వచ్చి బెల్లు కొట్టాడు, ఆమె మళ్ళీ తలుపు తీసింది. ఆ తర్వాత 1990లో కాలిఫోర్నియా వెంటాడి వేధించడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. 1994లో అమెరికా అంతటా, వాహన యజమానుల వివరాలు ప్రభుత్వ శాఖల నుంచి బయటికి పోకుండా ఇంకో చట్టం వచ్చింది. అడ్రసు ప్రభుత్వ శాఖ నుంచే బయటికి వెళ్ళింది, చూడండి. రెండుసార్లూ ఆమె తలుపు తీసింది అన్న మాట చదివినప్పుడు నాకు మా అమ్మే కనిపించింది.

అడ్రసు ఇప్పటికే అందరికీ తెలుసు కదా, బోర్డు పెడితే కొత్తగా పోయేదేముంది అని మీ అధికారి ఒకరు మాతో అన్నారు. నిజమే, ఒకసారి బయటపడ్డ అడ్రసును వెనక్కి తీసుకోలేం. గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 2003లో ఆ పని చేయబోయారు. సముద్ర తీరం కోత ఎలా ఉందో చూపడానికి తీసిన 12,000 ఫొటోల్లో ఆమె ఇల్లు కనిపించేది ఒకటుంది. దాన్ని తీసేయించాలని 5 కోట్ల డాలర్లకు దావా వేశారు. దావాకు ముందు ఆ ఫొటోను డౌన్‌లోడ్ చేసింది ఆరుసార్లే, అందులో రెండు ఆమె లాయర్లు చేసినవే. దావా వార్త బయటికి వచ్చాక ఒక్క నెలలో నాలుగు లక్షల మందికి పైగా చూశారు. కేసు కూడా ఓడిపోయారు. దాచలేం అన్నంతవరకు మీ అధికారి మాటతో నేనూ ఏకీభవిస్తాను. కానీ దాచలేకపోవడం వేరు, ప్రభుత్వం చేత్తో చూపించడం వేరు. బోర్డు పడిందంటే ఆ గుమ్మం దాకా రావడానికి అనుమతి ఉందనే అర్థం చేసుకుంటారు. ఎవరినైనా "ఎందుకొచ్చారు?" అని అడిగే హక్కు మాకు ఆ రోజుతో పోతుంది.

గొప్పవాళ్ళ ఇళ్ళను గుర్తుపెట్టుకోవాలనుకుంటే దానికి మంచి పద్ధతి ఉంది. లండన్‌లో ప్రముఖులు నివసించిన ఇళ్ళకు నీలం రంగు గుండ్రటి ఫలకాలు పెడతారు. 1866లో మొదలైన పని అది. ఆ మనిషి చనిపోయి కనీసం 20 ఏళ్ళు గడిస్తేగానీ ఫలకం పెట్టరు. ఈ నగరంలోనూ అలా గుర్తుపెట్టుకోవాల్సిన రచయితలు, సంగీత విద్వాంసులు, డాక్టర్లు ఎంతమంది లేరు! ఆ బోర్డులు పెట్టండి, దగ్గరుండి సాయం చేస్తాం.

మేం అభిమానులకు వ్యతిరేకులం కాము. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినవాళ్ళని చూశాను. ఆ నటుడి పుట్టినరోజున వీధి నిండిపోతుంది. ఆడపిల్లలు మా గేటు దగ్గరికి వచ్చి, ఎలా అడగాలో తెలియక నిలబడి, చివరికి "ఆంటీ, ఒక్కసారి బాత్రూమ్..." అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేలమంది నిలబడే చోట ఒక్క మరుగుదొడ్డి లేదు, నీళ్ళ కుళాయి లేదు, నీడ లేదు. ఆ పిల్లలకి కావాల్సింది తోరణమా? పుట్టినరోజు నాడు ఏదైనా మైదానం కేటాయించి, నీళ్ళు, మరుగుదొడ్లు, ఒక డాక్టరును ఏర్పాటు చేసి, ఆయన అక్కడికి వచ్చి కనిపించేలా చేయొచ్చు కదా. వాళ్ళూ ఆనందంగా ఇంటికి వెళ్తారు, మా వీధిలోకి అంబులెన్సు కూడా రాగలుగుతుంది.

ఆ నటుడి మీద కూడా మాకు కోపం లేదు. తెల్లవారుజామున ఐదింటికి, ఎవరూ లేని సమయం చూసుకుని టోపీ పెట్టుకుని నడుస్తారు. ఒకరోజు మా అమ్మ వాకిలి దగ్గర ఉంటే ఆగి, "మా వల్ల మీకు ఇబ్బంది అవుతోందండీ, తెలుసు" అన్నారు. వాళ్ళ పిల్లలు ఈ వీధిలో సైకిల్ తొక్కగా నేను ఎప్పుడూ చూడలేదు. ఈ తోరణం గురించి ఆయన్ని కూడా ఎవరూ అడగలేదని ఆయన మేనేజర్ ద్వారా తెలిసింది.

బస్సుల విషయంలో ఇతర నగరాలు ఇప్పటికే దెబ్బతిని నేర్చుకున్నాయి. తారల ఇళ్ళు చూపించే టూర్లకు పుట్టిల్లు లాంటి కాలిఫోర్నియాలోనే, ఏ వీధుల్లోకి ఆ బస్సులు వెళ్ళకూడదో, వాటి మైకులు ఎక్కడ మోగకూడదో నిర్ణయించే అధికారం స్థానిక సంస్థలకు ఇస్తూ 2017లో చట్టం చేయాల్సి వచ్చింది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో పాత ఇళ్ళతో అందంగా ఉండే బుక్చోన్ అనే పేట ఉంది. పర్యాటకుల తాకిడికి అక్కడివాళ్ళు తట్టుకోలేకపోయారు. అందుకని అక్కడి అత్యంత రద్దీ వీధుల్లోకి పర్యాటకులను పొద్దున 10 నుంచి సాయంత్రం 5 వరకే రానిస్తున్నారు. 2025 మార్చి నుంచి వేళ దాటి తిరిగేవాళ్ళకు లక్ష వాన్‌ల (వాన్ అక్కడి కరెన్సీ) జరిమానా వేస్తున్నారు. ఆ ఊళ్ళు నియమాలు పెట్టి జనాన్ని తగ్గించుకుంటున్నాయి. మనం తోరణం కట్టి పిలవబోతున్నాం.

ఇక ఫుట్‌పాత్. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే రోజూ కాళ్ళకి తగిలేది ఇదే. మా వీధిలో ఒక్కో పెద్ద ఇంటి ముందు ఒక్కో ఆక్రమణ. ఒకచోట సెక్యూరిటీ క్యాబిన్, ఒకచోట సిమెంటు కుండీలు, ఒకచోట రెండు ఇనుప స్తంభాలకి గొలుసు. మొత్తం 200 మీటర్లలో మనిషి నడవడానికి మిగిలింది ముక్కలు ముక్కలుగా ఉంది. పక్కింటాయన పక్షవాతం వచ్చి వీల్‌చైర్‌లో ఉన్నారు. ఆయన్ని పార్కుకి తీసుకెళ్ళాలంటే కార్ల మధ్య నుంచి రోడ్డు మీదే తోసుకెళ్ళాలి. మేం కూడా గేటు పక్కన నాలుగు కుండీలు పెట్టాం. ఆయన కుర్చీ చక్రం దానికి తగులుకోవడం చూశాక తీసేశాం. భద్రత పేరు చెప్పి బస్ స్టాప్‌ను కూడా మెయిన్ రోడ్డు మీదికి మార్చారు. బంగళాల్లో పనిచేసేవాళ్ళు, మా ఇంట్లో పనిచేసే ఆవిడ, డ్రైవర్లు, వాచ్‌మన్‌లు అందరూ పొద్దున్నే ఆ దూరం నడుస్తున్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఈ వీధిని రోజూ నడిపించేది వాళ్ళే, స్టాప్ మార్చేటప్పుడు వాళ్ళను అడిగినవాళ్ళు లేరు.

ఇది పెద్దవాళ్ళ జోలికి వెళ్ళలేని విషయమేమీ కాదు. ముంబైలోని బాంద్రాలో ఒక అగ్ర నటుడి బంగళా పక్కన రోడ్డు మీదికి కట్టిన ర్యాంపును అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ 2015 ఫిబ్రవరిలో కూల్చేసి, ఖర్చు కూడా ఆయన దగ్గరే వసూలు చేసింది. అయితే కాగితం మీద షరతు రాసి ఊరుకుంటే పని జరగదని కూడా చెప్పాలి. కాలిఫోర్నియా తీరంలోని మాలిబూలో సంపన్నుల ఇళ్ళు సముద్రానికి అడ్డంగా వరసగా ఉంటాయి. తీరం మాత్రం జనానిది. డేవిడ్ గెఫెన్ అనే పేరున్న నిర్మాత తన ఇంటి పక్క నుంచి తీరానికి దారి వదులుతానని 1983లో ఒప్పుకుని, దానికి బదులుగా ఇంటి పనులకు అనుమతులు పొందారు. ఆ గేటు జనానికి తెరుచుకుంది 2005లో, అదీ కోర్టులు తిరిగాక. 22 ఏళ్ళు! మా వీధిలో కొత్తగా అనుమతి తీసుకునే ప్రతి ఇంటికీ ఫుట్‌పాత్ వదలాలనే షరతు ఉంది. దాన్ని ఎవరు, ఎప్పుడు వచ్చి కొలుస్తారు?

నీళ్ళ గురించి రెండు మాటలే. లాస్ ఏంజెలిస్ శివార్లలో ప్రముఖులు ఎక్కువగా ఉండే కలబాసస్, హిడెన్ హిల్స్ ప్రాంతాలకు నీళ్ళిచ్చే సంస్థ, 2022 కరువులో, పదేపదే పరిమితి మించి వాడిన ఇళ్ళ పైపులకు ధార తగ్గించే చిన్న బిళ్ళలు బిగించింది. ఎవరి ఇల్లని చూడలేదు. అలా మించి వాడినవాళ్ళలో ప్రఖ్యాత నటులు, క్రీడాకారులు ఉన్నారని పత్రికలు రాశాయి. మా వీధిలో వేసవి వస్తే ఒకవైపు పచ్చిక తడుస్తూ ఉంటుంది, ఇంకోవైపు మేం ట్యాంకర్ కోసం ఫోన్లు చేస్తుంటాం. మీటరు అందరికీ ఒకేలా తిరగాలి, అంతకంటే ఏమీ అడగడం లేదు.

మంత్రి గారూ, తోరణం, బోర్డుల ప్రతిపాదన వెనక్కి తీసుకోండి. పిల్లల స్థలం పిల్లలకే ఉంచండి. బస్ స్టాప్ పాత చోటికి తెప్పించండి. ఫుట్‌పాత్‌ను మా ఇంటితో సహా ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిపించండి. మ్యాప్ కంపెనీలతో మేం మాట్లాడితే జవాబు రావడం లేదు. నివాస గృహాల మీద ప్రముఖుల పేర్లతో పెట్టే గుర్తులు తీసేయమని మీ శాఖ తరఫున రాయండి. ప్రభుత్వం అడిగితే వాళ్ళు వింటారని మా నమ్మకం.

ఈ లేఖతో పాటు మా వీధిలోని 43 ఇళ్ళవాళ్ళ సంతకాలు, ఆ ఇళ్ళలో పనిచేసే 60 మంది సంతకాలు పంపుతున్నాం. నోటీసు గడువు వచ్చే నెల 10వ తేదీతో అయిపోతుంది. ఆలోపు మా కమ్యూనిటీ హాల్లోనే ఒక సమావేశం పెట్టించండి. సాయంత్రం ఏడు తర్వాత అయితే పనులకు వెళ్ళినవాళ్ళు కూడా రాగలరు. అమ్మ కూడా వస్తానంటోంది.

ఇట్లు,
మలుపు దగ్గరి ఇంటివాళ్ళు