ఆదివారం చర్చ: షిప్పు రావాలా, వద్దా?

అందరికీ నమస్కారం.

విశాఖకి క్రూయిజ్ షిప్పు వచ్చినప్పటి ఫొటో ఎవరో పెట్టిన దగ్గర్నుంచి గ్రూపులో ఒకటే గోల. "మన ఒడిశా గోపాల్‌పూర్‌కీ రావాలి" అని కొందరు, "వద్దు బాబోయ్" అని కొందరు. మూడేసి నిమిషాల వాయిస్ మెసేజ్‌లు వినలేక చస్తున్నాం. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకి, బరంపురంలో మా మేడ మీద.

వచ్చేముందు ఇది చదవండి. అలాస్కాలో జూనో అని ఊరుంది, జనాభా 30 వేల పైచిలుకు. 2023లో షిప్పుల్లో దిగినవాళ్లు 16 లక్షల పైనే! రోజుకి ఐదు పెద్ద షిప్పులే అని 2024 నుంచి హద్దు పెట్టారు. శనివారాలు షిప్పుల్ని అసలు ఆపేద్దామా అని అదే ఏడాది ఓటింగ్ పెడితే మాత్రం జనమే కాదన్నారు. షాపులు నడవాలిగా మరి.

మన లెక్క వేరు. రుషికుల్య నది దగ్గర గుడ్లు పెట్టే తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం. చేపలు పట్టే నోలియా కుటుంబాల పడవలు ఇసుకలో బోర్లా పడి ఉంటే, పక్క నుంచే పెద్ద షిప్పు వెళ్తే వాళ్లకేం చెప్తాం? నాకైతే ఇదే అసలు పాయింటు.

అందుకే వేటకెళ్లే మామయ్యల్ని, బీచ్‌లో పకోడీ బండి పిన్నిని ఎవరైనా వెంటబెట్టుకు రండి. ఒడియా స్నేహితులూ రావచ్చు.

మనిషికి 3 నిమిషాలు, అంతే. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి, టీ లెక్క చూసుకోవాలి.

మర్చిపోకండి: మా మెట్ల లైటు పోయింది, దిగేటప్పుడు ఫోన్ టార్చి వేసుకోండి.