కడుపులో పుండుకు కారమే కారణమా?

సంపాదకులకు నమస్కారం.

కడుపులో పుండు అనగానే మన ఇళ్లలో మొదట మాన్పించేది ఆవకాయ, గొడ్డుకారం. ఆ తర్వాత చెప్పేది టెన్షన్లు తగ్గించుకోమని. కొన్ని దశాబ్దాల కిందట వైద్యులూ దాదాపు ఇలాగే నమ్మారు. ఆమ్లం నిండిన జీర్ణాశయంలో బాక్టీరియా బతకదన్న నమ్మకం ఎంత బలమైనదంటే, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు జీర్ణాశయంలోనే బతుకుతూ పుండుకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను కనుగొన్నా చాలామంది ఒప్పుకోలేదు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని స్వయంగా తాగి, జీర్ణాశయంలో వాపు తెచ్చుకుని మరీ చూపవలసి వచ్చింది. వారిద్దరికీ 2005లో నోబెల్ బహుమతి దక్కింది.

మన నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. కారం తిన్నాక మంట పుట్టడం నిజమే కనుక, అనుభవమే సాక్ష్యమనిపిస్తుంది. కానీ జన్మంతా కారం తిన్నా పుండు ఎరుగనివారు, చప్పిడి తిండి తిన్నా దానితో బాధపడేవారు మన చుట్టూనే ఉన్నారు. వారిని మనం లెక్కలోకి తీసుకోము. ఇది చిన్న పొరపాటు కాదు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు కూడా పుండుకు ఒక ప్రధాన కారణమని తెలియక, పచ్చడి మానేసి పెరుగన్నం తింటూ ఆ మాత్రలను మాత్రం మానని పెద్దలు ఎందరో.

ఈ విషయంపై జీర్ణకోశ వైద్యుల చేత మీ ఆరోగ్య పేజీలో ఒక వివరమైన వ్యాసం రాయించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, గుంటూరు